ఏ యుకులేలేకి ఏ తీగలు? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల శీర్షికంతా యుకులేలే (గిటార్‌ను పోలిన నాలుగు తీగల చిన్న వాయిద్యం) తీగలకే కేటాయించాం. ఉత్తరాలు రాసినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఏ కంపెనీ మంచిది?" మా వరస వేరు. ముందు వాయిద్యం కొలత (చిన్నదాని నుంచి పెద్దదాని దాకా సోప్రానో, కాన్సర్ట్, టెనర్, బారిటోన్) చూడాలి, తర్వాత తీగ మందం, ఆపైన పదార్థం. కంపెనీ పేరు ఆఖర్న. కింది జవాబుల్లో జి, సి, ఇ, ఎ అంటే వాయిద్యం చేతిలో పట్టుకున్నప్పుడు పైనుంచి కిందికి వచ్చే నాలుగు తీగలు. తగ్గు జి (ఒక స్థాయి కింది జి) అని ప్రత్యేకంగా చెబితే తప్ప, జి అంటే మామూలుగా వేసే హెచ్చు జి అనే అనుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి సోప్రానో యుకులేలే కొన్నాం. దానితో వచ్చిన నల్ల తీగలు మందంగా, రబ్బరులా ఉన్నాయి. తీగలు వదిలేసి మీటితే శ్రుతిలోనే ఉంటున్నాయి. సి తీగను ఒకటో ఫ్రెట్ (మెడ మీది అడ్డ మెట్టు), రెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే మాత్రం శ్రుతి పైకి పోతోంది. వాయిద్యమే మార్చాలా? – రాజమహేంద్రవరం

జవాబు: అప్పుడే మార్చకండి. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సి తీగను రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య గట్టిగా నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద తీగ కింద ఎంత సందుందో చూడండి. జిరాక్స్ కాగితం ఒక్కటి దూరేంత సందు చాలు, అంటే సుమారు 0.1 మి.మీ. విజిటింగ్ కార్డు కూడా అవలీలగా దూరిందంటే నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) మీద ఆ తీగ కూర్చునే గాడి ఎత్తుగా ఉందన్నమాట. అలాంటప్పుడు మొదటి ఫ్రెట్ నొక్కాలంటే తీగను చాలా కిందికి లాగాల్సి వస్తుంది. లాగినకొద్దీ బిగుతు పెరుగుతుంది, బిగుతుతోపాటు శ్రుతీ పెరుగుతుంది. చవక సోప్రానోల్లో నూటికి తొంభై పాళ్లు జబ్బు ఇదే. గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గర గాడిని దింపించుకుంటే సరిపోతుంది. ఎంత మంచి తీగలు వేసినా ఈ లోపం మాత్రం పోదు.

కాగితం పరీక్షలో పాసైతే అప్పుడు తీగలను అనుమానించండి. నొక్కినప్పుడు శ్రుతి పెరగడం మందపు తీగలో ఎక్కువ. నైలాన్ తేలికైన పదార్థం, సాంద్రత 1.14. సి స్వరానికి కావలసిన బరువు రావాలంటే నైలాన్ తీగను లావుగా చేయక తప్పదు. ఫ్లోరోకార్బన్ అనే మరో ప్లాస్టిక్ సాంద్రత 1.78. అదే స్వరం, అదే బిగుతు ఉంచి లెక్క వేస్తే ఫ్లోరోకార్బన్ తీగ కన్నా నైలాన్ తీగ నాలుగో వంతు ఎక్కువ లావు వస్తుంది. అందుకే సోప్రానో మీద మందపు సి తీగ ‘డబ్ డబ్’మని మొద్దుగా పలుకుతుంది. మార్టిన్ ఎం600, డడారియో ఈజే99ఎస్‌సీ, వర్త్ లాంటి ఫ్లోరోకార్బన్ సెట్లలో ఏది వేసినా మీ సి తీగలో తేడా మొదటిరోజే తెలుస్తుంది. పిల్లల వేళ్లకు కూడా సన్నని తీగే సుఖం.

మార్చాక పన్నెండో ఫ్రెట్ దగ్గర సరిచూసుకోండి. పన్నెండో ఫ్రెట్ మీదుగా తీగను వేలితో తాకీ తాకనట్టు ముట్టుకుని మీటితే ఒక స్వరం వస్తుంది. అక్కడే నొక్కి మీటితే వచ్చేది కూడా అదే స్వరం కావాలి. ట్యూనర్‌లో ఐదు నుంచి పది సెంట్ల (అరమెట్టులో నూరో వంతు ఒక సెంటు) తేడా ఈ ధరలో పట్టించుకోనక్కర్లేదు. ఇరవై దాటితే శాడిల్ (డొప్ప వైపు కొసన తీగలు ఆనే పట్టీ) ఉన్న చోటు సరిగా లేదనుకోవాలి.

ప్రశ్న: ప్యాకెట్ మీద ‘సోప్రానో/కాన్సర్ట్’ అని రెండు పేర్లూ ఉన్నాయి. నాది టెనర్. ఆ సెట్టు పొడవు సరిపోతే వేసేయవచ్చా? – విజయవాడ

జవాబు: పొడవు చాలా సెట్లలో సరిపోతుంది, సమస్య అక్కడ లేదు. చూడాల్సింది బిగుతు. ముందు స్కేలు పొడవు కొలవండి. నట్ అంచు నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే చాలు. సోప్రానో సుమారు 345 మి.మీ., కాన్సర్ట్ 380, టెనర్ 430, బారిటోన్ 480 నుంచి 510 దాకా వస్తాయి. ప్యాకెట్ మీది పేరు కన్నా ఈ కొలతనే నమ్మండి. పొడవు మెడ వేసి ‘సోప్రానో’ అని అమ్మేవీ, కాన్సర్ట్ డొప్పకు టెనర్ మెడ తగిలించినవీ బజార్లో ఉన్నాయి.

తీగ అదే, శ్రుతి అదే అయితే బిగుతు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 0.52 మి.మీ. ఫ్లోరోకార్బన్ ఎ తీగనే తీసుకోండి. 440 హెర్ట్జ్‌కి చేరాలంటే సోప్రానో మీద దాదాపు మూడున్నర కిలోల లాగుడు, కాన్సర్ట్ మీద 4.3, టెనర్ మీద ఐదున్నర కావాలి. సోప్రానోతో పోలిస్తే టెనర్ మీద ఒకటిన్నర రెట్ల పైమాటే. తెగదు కానీ వేళ్లు నొప్పెడతాయి, ధ్వని బిరుసెక్కుతుంది, పలచని పైపలక అయితే నాళ్లు గడిచేకొద్దీ బ్రిడ్జి (పైపలక మీద తీగలు కట్టే చెక్క) వెనక ఉబ్బు కనిపిస్తుంది. టెనర్‌కి టెనర్ సెట్టే వేయండి.

దీన్ని తిరగేస్తే పనికొచ్చే చిట్కా ఒకటుంది. సోప్రానో మీద తీగలు వదులుగా, ‘గిలగిల’మంటున్నాయి అనిపిస్తే అదే కంపెనీలో ఒక మెట్టు మందం ఉన్న సెట్టు వేయండి. గట్టిగా కొట్టి వాయించేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. మెల్లగా వేళ్లతో మీటేవాళ్లకు వదులు తీగే తీయగా పలుకుతుంది.

ప్రశ్న: స్ప్రూస్ చెక్క పైపలక ఉన్న టెనర్ కొన్నాను. ధ్వని చెవిలో గుచ్చుకుంటోంది. మెత్తదనం కావాలంటే ఏ తీగలు? మా మిత్రుడిది మహాగని లామినేట్ (పొరలు అతికించిన చెక్క), దానిది ఎదురు సమస్య, అంతా మూగగా ఉంటుంది. – హైదరాబాదు

జవాబు: మీ ఇద్దరూ తీగలు మార్చుకుంటే సరి! హాస్యానికి అన్నా అందులో నిజం లేకపోలేదు. చెక్కలో లేనిది తీగతో కొంత ఇవ్వాలి, చెక్కలో ఎక్కువైంది తీగతో కొంత తగ్గించాలి.

మీ స్ప్రూస్‌కి నైలాన్ వేసి చూడండి. పారదర్శకమైన నైలాన్ కన్నా నల్ల నైలాన్ ఇంకాస్త మెత్తన. ఫ్లోరోకార్బనే కావాలంటే వర్త్ వాళ్ల గోధుమరంగు తీగలు వాళ్ల పారదర్శకమైన వాటికన్నా నెమ్మదిగా పలుకుతాయి. ‘టైటానియం’ అన్న పేరు చూసి లోహమనుకోకండి, అదీ నైలాన్ కుటుంబమే, కాకపోతే మామూలు నైలాన్ కన్నా తళుకు ఎక్కువ, కాబట్టి మీకు పనికిరాదు. మీ మిత్రుడి లామినేట్‌కి ఫ్లోరోకార్బన్ గానీ అక్విలా నైల్‌గట్ గానీ వేయమనండి. నైల్‌గట్ ఇటలీలో తయారయ్యే తెల్లటి తీగ. పూర్వం వాయిద్యాలకు వాడిన పేగు తీగ సాంద్రతకు దగ్గరగా ఉండేలా చేశారు. గట్టిగా పలుకుతుంది, కొట్టి వాయించేటప్పుడు నాలుగు తీగలూ కలిసి ఒక్క పెట్టున లేస్తాయి. ఫ్లోరోకార్బన్‌లో ఒక్కో స్వరం విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తుంది, మోగడం కూడా ఎక్కువసేపు ఉంటుంది. తీగ తీగగా మీటేవాళ్లం అయితే మేం దాన్నే ఎంచుకుంటాం.

నైల్‌గట్‌తో రెండు జాగ్రత్తలు. కొత్తలో బాగా సాగుతుంది, త్వరగా కుదరాలని చేత్తో గుంజితే ఒకచోట సన్నబడి తర్వాత శ్రుతి తప్పుతుంది. నట్ గాడి అంచు పదునుగా ఉంటే అక్కడే తెగుతుంది. తెగిన చోటు చూస్తే కారణం తెలిసిపోతుంది: నట్ దగ్గరా, శాడిల్ దగ్గరా, ముడి దగ్గరా అన్నది గమనించి ఆ అంచును సన్నటి గరుకు కాగితంతో నునుపు చేయండి. అదేమీ చూడకుండా అదే సెట్టు మళ్లీ కొనడం డబ్బు దండగ.

తీగలు మార్చే ముందు ఒక వారం గోళ్లు తీసేసి వేలి కండతో మీటి చూడండి, లేదా సౌండ్‌హోల్‌కి (పైపలక మీది రంధ్రానికి) బదులు మెడ డొప్పను కలిసే చోట మీటండి. మీ గుచ్చుకునే ధ్వనిలో సగం అక్కడే పోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: టెనర్‌కి తగ్గు జి తీగ, చుట్టు ఉన్నది, వేశాను. మూడు చిక్కులు: వేలు జరిపినప్పుడల్లా కీచుమంటోంది, ఆ తీగ ఒక్కటే మిగతా మూడింటినీ మింగేస్తూ ‘భుం’మంటోంది, పైగా మొదటి ఫ్రెట్ దగ్గర శ్రుతి పోతోంది. – విశాఖపట్నం

జవాబు: మూడింటికీ కారణాలు వేరు, ఒక్కొక్కటిగా చూద్దాం.

చుట్టు తీగ ఎందుకు వాడాల్సి వస్తుందో ముందు చెప్పాలి. మామూలు జి 392 హెర్ట్జ్, తగ్గు జి దానిలో సగం, 196. అదే బిగుతులో సగం స్వరం రావాలంటే తీగ నాలుగు రెట్లు బరువుండాలి, అంటే రెండు రెట్లు లావు. 0.57 మి.మీ. ఫ్లోరోకార్బన్ జి ఉన్నచోట 1.14 మి.మీ. తాడు కట్టాలి. అంత లావు తీగ వంగదు, మొద్దుగా పలుకుతుంది, ఫ్రెట్ల మీద శ్రుతి నిలవదు. అందుకని తయారీదార్లు రాజీ పడతారు. 0.91 నుంచి 0.97 మి.మీ. దాకా ఉన్న ఒంటి తీగ (చుట్టు లేనిది) ఇస్తే టెనర్ మీద దాని లాగుడు నాలుగు కిలోల లోపే ఉంటుంది, పక్కన సి తీగది నాలుగున్నర పైన. కొద్దిగా వదులు, కొద్దిగా మూగ. వద్దనుకుంటే సన్నటి దారపు పోగుల మీద లోహపు తీగ చుట్టినది వేయాలి. బరువు వస్తుంది, లావు పెరగదు, కానీ వేలు రాసుకుంటే కీచుమంటుంది.

కీచుకు మందు: చుట్టును నునుపుగా సానపట్టినది గానీ, చదునైన రేకులాంటి చుట్టు ఉన్నది గానీ ఎంచుకోండి. ఫ్రీమాంట్ సోలోయిస్ట్ మొదటి రకం. థొమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ సీఎఫ్30 రెండో రకం, అసలు క్లాసికల్ గిటార్‌కి చేసినదే అయినా యుకులేలే వాళ్లు తగ్గు జికి చాలాకాలంగా వాడుతున్నారు. చుట్టే వద్దనుకుంటే అక్విలా ఎర్ర తీగ ఉంది. ప్లాస్టిక్‌లో లోహపు పొడి కలిపి బరువు పెంచారు, ఒంటి తీగే కాబట్టి కీచుండదు, కాకపోతే పట్టుకు కాస్త గరుకు.

‘భుం’ తగ్గడానికి: చాలా టెనర్లలో డొప్ప లోపలి గాలి సహజంగా స్పందించే స్థాయి ఈ 196 చుట్టుపక్కలే ఉంటుంది. సౌండ్‌హోల్ దగ్గర నోరు పెట్టి ‘ఊఁ’ అంటూ స్థాయిని మెల్లగా పైకీ కిందికీ జరపండి. ఏ స్వరం దగ్గర వాయిద్యం చేతిలో గిర్రుమంటుందో అది దాని సొంత స్వరం. అది జి దగ్గరుంటే తగ్గు జి ఎప్పుడూ ఎగిరిపడుతుంది. అప్పుడు చుట్టు తీగ మానేసి ఒంటి తీగ వేస్తే దాని మూగదనమే మీకు మేలు చేస్తుంది. ఇదే లెక్కన సోప్రానోకి తగ్గు జి వద్దంటాం. డొప్ప చిన్నది, ఆ స్వరానికి లోపలి నుంచి బలం అందదు, డబ్బా కొట్టినట్టుంటుంది.

మూడోది నట్ గాడి. 0.57 మి.మీ. తీగకు కోసిన గాడిలో 0.76 మి.మీ. చుట్టు తీగ అడుగుదాకా దిగదు, అంచుల మీదే కూర్చుంటుంది. పెగ్ (తీగ బిగించే మర) తిప్పుతున్నప్పుడు ‘టిక్కు టిక్కు’మని గెంతుతుంటే ఇదే గుర్తు. గాడిని వెడల్పు చేయించాలి, లోతు పెంచకూడదు. నట్ ఆకురాయి లేకపోతే పాత గిటార్ చుట్టు తీగ ముక్కనే రంపంలా ముందుకీ వెనక్కీ ఆడించవచ్చు. పది సార్లు ఆడించడం, తీగ పెట్టి చూడడం, మళ్లీ పది సార్లు. గాడి వెనకవైపు, అంటే పెగ్‌ల వైపు, కొంచెం ఏటవాలుగా దిగాలి. చివర్లో మెత్తని పెన్సిల్ ముల్లుతో గాడిలో గీస్తే తీగ జారుడుగా కదులుతుంది. ఎప్పుడైనా మళ్లీ మామూలు జికి వెళ్లాలనుకుని, సన్న తీగ ఆ వెడల్పు గాడిలో జరజరమంటే, గాడిలో చిటికెడు తినే సోడా పోసి ఒక్క చుక్క సూపర్‌గ్లూ వేయండి. రాయిలా గట్టిపడుతుంది, దాన్ని కొత్తగా కోసుకోవచ్చు.

ప్రశ్న: చేపల వలల దుకాణంలో ఫ్లోరోకార్బన్ తాడు దొరుకుతోంది. యుకులేలే తీగ కూడా అదేనంటున్నారు. నిజమేనా? – కాకినాడ

జవాబు: పదార్థం అదే. చాలామంది వేసుకుంటున్నారు కూడా. మోసపోయేది రెండు చోట్ల.

ఒకటి, ‘ఫ్లోరోకార్బన్ కోటెడ్’ అని చిన్న అక్షరాల్లో ఉంటే లోపల నైలానే, పైన పలచటి పూత మాత్రమే. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో 35 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించండి. ఆ నీటి సాంద్రత 1.2 దగ్గరికి వస్తుంది. తాడు ముక్క సెంటీమీటరు కోసి, వేళ్లతో తడిపి, నీళ్ల అడుగుకు తోసి వదలండి. నైలాన్ పైకి తేలుతుంది, ఫ్లోరోకార్బన్ అడుగునే ఉంటుంది. ముక్కకు గాలి బుడగలు అంటుకుంటే ఫలితం తప్పుతుంది, గాజు గ్లాసును తట్టి వాటిని వదిలించండి.

రెండు, దుకాణంలో ఎన్ని పౌన్లు మోస్తుందో చెబుతారు, మనకు కావలసింది మందం. ఒకే పౌన్ల తాడు కంపెనీని బట్టి సన్నగానో లావుగానో ఉంటుంది. మి.మీ.లో అడగండి, వీలైతే మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి. 380 మి.మీ. కాన్సర్ట్‌కి ఎ 0.52, ఇ 0.66, సి 0.81, జి 0.57 వేస్తే వరసగా 4.3, 3.9, 3.7, 4.1 కిలోల చొప్పున మొత్తం 16 కిలోలు వస్తుంది, ఇది హాయిగా వాయించగలిగే బిగుతు. ఇవే తీగలు సోప్రానో మీద 13 కిలోలకు దిగుతాయి, టెనర్ మీద ఇరవై దాటతాయి. చుట్టలో తాడుకు మడతలు పడి ఉంటే ఆ ముక్క వాడకండి, మడత ఉన్నచోట స్వరం వణుకుతుంది. నాలుగు మందాలకు నాలుగు చుట్టలు కొనాలి కాబట్టి ఒక్క వాయిద్యానికైతే ఇది లాభం కాదు. పది మంది విద్యార్థులున్న మాస్టారికైతే గిట్టుబాటు.

ప్రశ్న: హాస్టల్లో గిటార్ స్టీలు తీగలు మిగిలాయి. యుకులేలేకి వేస్తే విరిగిపోతుందని భయపెడుతున్నారు. – వరంగల్లు

జవాబు: భయం సరైనదే, చెప్పే కారణం సగం తప్పు. పలచని స్టీలు తీగల సెట్టులో అన్నిటికన్నా సన్నని మూడూ కాన్సర్ట్ మీద ఎ, ఇ, సిలకు బిగిస్తే లాగుడు ఒక్కోదానికి నాలుగున్నర కిలోల చుట్టే, ఫ్లోరోకార్బన్‌కి కాస్త ఎక్కువ, అంతే. 12 గేజ్ (మొదటి తీగ మందం 0.012 అంగుళం) సెట్టయితే మాత్రం దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు, అప్పుడు బ్రిడ్జి ఊడే ప్రమాదం నిజమే. అసలు చిక్కు వేరే ఉంది. సన్న ఉక్కు తీగ ముడి వేసే బ్రిడ్జి చెక్కను కోసేస్తుంది, ప్లాస్టిక్ నట్‌లో దిగబడిపోతుంది. ఉక్కు సాగదు కాబట్టి కాస్త గట్టిగా నొక్కితే చాలు శ్రుతి ఎగిసిపోతుంది. యుకులేలే ఫ్రెట్ల ఎత్తు, శాడిల్ చోటు సాగే తీగల కోసం పెట్టినవి. అన్నీ కలిసి ఏ కార్డూ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) శ్రుతిలో పలకదు. వేయకండి.

ప్రశ్న: నేను ఒకటిన్నర శ్రుతిలో పాడతాను. యుకులేలేని శ్రుతిపెట్టెలా కూడా వాడుకోవాలని ఉంది. గమకాలు పలుకుతాయా? – తిరుపతి

జవాబు: సి తీగ ఒకటి శ్రుతి. ఒకటిన్నరకు తీగలన్నిటినీ అరమెట్టు పెంచితే బిగుతు 12 శాతం పెరుగుతుంది, సోప్రానో, కాన్సర్ట్ తేలిగ్గా తట్టుకుంటాయి. రెండు శ్రుతికి పూర్తి మెట్టు పెంచితే 26 శాతం. సోప్రానోను ఒకప్పుడు ఎక్కువగా ఆ స్థాయిలోనే, ఎ డి ఎఫ్‌షార్ప్ బి అని బిగించేవాళ్లు, ఈనాటికీ చిన్న వాయిద్యానికి అది కళ తెస్తుంది. టెనర్ మీద అంత పెంచాలంటే సన్న సెట్టు తీసుకోండి. రెండు శ్రుతులూ కావాలంటే కేపో (మెడ మీద తీగలన్నిటినీ అదిమి పట్టే క్లిప్పు) పెట్టుకోవడమే మేలు.

శ్రుతిపెట్టెలా కావాలంటే: ఎ తీగను జికి దించండి, అది కొంచెం వదులవుతుంది, ఫరవాలేదు. ఇ తీగను సికి దించితే మాత్రం బిగుతు మూడో వంతుకు పైగా పడిపోయి జావలా అయిపోతుంది. దాన్ని తీసేసి ఆ స్థానంలో రెండో సి తీగ కట్టండి, నట్ గాడిని అందుకు తగ్గ వెడల్పు చేయించండి. ఇప్పుడు వరస ప, స, స, ప. నాలుగూ మెల్లగా ఒకదాని వెంట ఒకటి మీటుతూ పోతే తంబురా అనలేం గానీ సాధకానికి చాలు. ఒకటిన్నర కావాలంటే మొత్తాన్ని అరమెట్టు పెంచుకోవడమే.

గమకాల సంగతి: వీణ మీద ఉక్కు తీగను పక్కకు లాగితే స్వరాలు పలుకుతాయి. యుకులేలే తీగలు సాగే రకం కాబట్టి ఎంత లాగినా అరస్వరం పలకడమే కష్టం. జారు మాత్రం బాగా వస్తుంది, దానికి నున్నని ఫ్లోరోకార్బన్ వేయండి. ఏ తీగ వేసినా కంపితం లాంటి గమకం ఇంతకు మించి రాదు, దాని కోసం సెట్ల మీద సెట్లు కొనకండి.

ప్రశ్న: బ్రిడ్జికి కట్టిన ఎ తీగ రాత్రి టప్పుమని జారిపోయి పైపలక మీద గాటు పడింది. ముడి ఎలా వేయాలి? – నెల్లూరు

జవాబు: ఫ్లోరోకార్బన్ నున్నగా ఉంటుంది, సన్న తీగ ముందు జారుతుంది. తీగను బ్రిడ్జి రంధ్రంలోంచి వెనక్కి తీయండి. ఏడెనిమిది సెంటీమీటర్లు బయటికి వచ్చాక పైనుంచి ముందుకు తెచ్చి, శాడిల్‌కీ బ్రిడ్జికీ మధ్య అసలు తీగ కిందుగా చుట్టి, మళ్లీ వెనక్కి తీసుకెళ్లండి. ఇప్పుడు బ్రిడ్జి మీద ఏర్పడిన వలయం కిందుగా కొసను దూర్చాలి. సి, ఇ తీగలకు రెండుసార్లు, ఎ, జిలకు మూడుసార్లు. ఆఖరి మెలిక బ్రిడ్జి వెనక అంచు దాటి కింద పడాలి, ఇదే ముఖ్యం. మెలిక పైన ఉండిపోతే పట్టు ఉండదు, ఎన్ని చుట్లు వేసినా జారుతుంది. తీగను చేత్తో గుంజి బిగించాకే కొస కత్తిరించండి, అదీ పూర్తిగా కాదు, అరసెంటీమీటరు వదలండి.

గాడి కోసిన బ్రిడ్జి అయితే కొసకు ఎనిమిది అంకె ముడి వేసి దూర్చాలి. సన్న తీగకు ఒక్క ముడి గాడిలోంచి దూరిపోతుందనిపిస్తే ముడి మీద ముడి వేయండి లేదా చిన్న పూస ఎక్కించండి.

పైన పెగ్ దగ్గర ఐదారు సెంటీమీటర్లు వదులు ఉంచి చుట్టితే స్తంభం మీద రెండుమూడు చుట్లు వస్తాయి. చుట్లు కిందికి దిగాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. నాలుగు తీగలూ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మారిస్తే శాడిల్ ఊడి పడిపోదు, ఏది ఎలా కట్టి ఉందో పక్కదాన్ని చూసి కట్టొచ్చు. మొదటిసారి మార్చేటప్పుడు బ్రిడ్జి వెనక పైపలక మీద మందపాటి అట్టముక్క పెట్టండి. తీగ జారినా దెబ్బ అట్టకే తగులుతుంది.

కొత్త తీగలు శ్రుతి దిగడం లోపం కాదు. ఫ్లోరోకార్బన్ రెండుమూడు రోజుల్లో కుదురుతుంది, నైలాన్, నైల్‌గట్ వారం తీసుకుంటాయి. రోజుకు నాలుగైదుసార్లు శ్రుతి చేస్తూ వాయించడమే మార్గం. వారం దాటినా దిగుతుంటే ముడినీ పెగ్ వెనక మరనూ చూడండి.

ప్రశ్న: బారిటోన్‌ని కూడా జి సి ఇ ఎలో బిగించవచ్చా? – ఖమ్మం

జవాబు: మామూలు సెట్టుతో వద్దు. 500 మి.మీ. స్కేలు మీద 0.52 ఎ తీగకు ఏడున్నర కిలోల లాగుడు పడుతుంది. ఇందుకోసమే సన్నగా చేసిన బారిటోన్ సెట్లున్నాయి, అవి అడగండి. బారిటోన్ సహజ వరస డి జి బి ఇ, గిటార్‌లో కింది నాలుగు తీగలే. ఆ వరసలో వాయిస్తేనే ఆ డొప్పకు న్యాయం.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. చలికాలం వచ్చేసరికి కోవా అనే చెక్కతో చేసిన యుకులేలే జరజరమంటోంది. తీగలు రెండుసార్లు మార్చాం. – ఎడిసన్

జవాబు: తీగల తప్పు కాదు. హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎండిపోయి పైపలక కుంగుతుంది, దాంతో తీగలు ఫ్రెట్లకు దగ్గరవుతాయి. మెడ పక్కన వేలు రాస్తే ఫ్రెట్ కొసలు గుచ్చుకుంటున్నాయా? అయితే ఖాయం. వాయిద్యాన్ని పెట్టెలోనే ఉంచి, లోపల తేమ 45 నుంచి 55 శాతం ఉండేలా తేమ పొట్లాలు పెట్టండి. రెండుమూడు వారాల్లో పలక లేస్తుంది. అప్పటిదాకా శాడిల్ ముట్టుకోకండి, ఇప్పుడు ఎత్తు పెంచితే ఎండాకాలంలో మళ్లీ దింపాలి.

మన కోస్తాలో తిరకాసు మరో రకం. నైలాన్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, వానాకాలంలో పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి ఉండదు. ఫ్లోరోకార్బన్ తేమను దాదాపు పీల్చదు. బయట కచేరీలు చేసేవాళ్లు దాన్నే వేసుకోవడం మంచిది.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. తీగలు తిరగేసి కట్టుకోవచ్చా? – కర్నూలు

జవాబు: కట్టుకోవచ్చు. హెచ్చు జి, ఎ తీగల మందాలు దగ్గరదగ్గరే కాబట్టి ఆ రెంటికీ గాళ్లు సరిపోతాయి. సి, ఇ గాళ్లు మారతాయి: సి కోసం ఒకటి వెడల్పు చేయాలి, రెండోదానిలో సన్న ఇ తీగ గిలగిల్లాడితే సోడా, సూపర్‌గ్లూ పద్ధతి పైన చెప్పాం. శాడిల్‌లో ఒక్కో తీగకు ఒక్కో మెట్టు చెక్కి ఉంటే దాని బదులు కొత్త వరసకు తగ్గట్టు చెక్కినది పెట్టాలి.

ప్రశ్న: తీగలు ఎన్నాళ్లకు మార్చాలి? – అనంతపురం

జవాబు: క్యాలెండరు చూడకండి, తీగను చూడండి. గోటిని తీగ అడుగువైపు నడిపించండి. ఫ్రెట్లు తగిలే చోట గాట్లు తెలుస్తుంటే, పన్నెండో ఫ్రెట్ పరీక్షలో మునుపు సరిగా ఉన్న తీగ ఇప్పుడు తప్పుతుంటే మార్చేయాలి. చుట్టు తీగ అన్నిటికన్నా ముందు పోతుంది. రెండో ఫ్రెట్ దగ్గర చుట్టు అరిగి లోపలి దారం కనిపిస్తుంది, ఆ ఒక్కటే విడిగా కొనండి.